గొంతు లేనివాడి రికార్డు

నాన్న గొంతు పోయిన ఏడాది వేసవిలో మా బావ విశాఖపట్నం నుంచి ఒక రికార్డు ప్లేయరు తెచ్చాడు. సూట్‌కేసులా మూసి చేత్తో పట్టుకుని తిరిగే రకం, టార్చిలైటు బ్యాటరీలతో నడిచేది. దాంతోపాటు వచ్చిన రికార్డు ఒక్కటే. అట్ట మీద దువ్వని జుట్టుతో ఒక తెల్ల కుర్రాడు చెక్కమెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గిటారు, మెడకు తగిలించుకున్న తీగలో బిగించిన మౌతార్గాన్. అట్ట మూలలు చెమ్మకు ఉబ్బిపోయాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఓడల నూనె వాసన వేసేది.

బావ అంటే మా అక్క మొగుడు. హార్బరులో ఉద్యోగం. తన దేశానికి తిరిగి వెళ్లిపోతూ ఒక నావికుడు వదిలించుకున్న సామానులో ఆ రెండూ దొరికాయట. మంచం మీద ఉన్న మామగారికి పొద్దుపోతుందని మోసుకొచ్చాడు.

"ఇందులో పాటలన్నీ ఈడు సొంతంగా కట్టుకున్నవేనంట మావా, నీలాగే," అన్నాడు నాన్న పక్కన కూర్చుంటూ.

నాన్న అట్టను కాసేపు చూసి బావకి తిరిగి ఇచ్చేశాడు. ఏమీ అనలేదు. అనడానికి అప్పటికే గొంతు లేదు.

మాది రాజాం. నాన్న హరిదాసు. విజయనగరంలో ఒక పెద్ద దాసుగారింట్లో ఉండి హరికథ నేర్చుకున్నాడు. రాజాంలో వడ్ల వ్యాపారులు కొత్త పంట వచ్చాక కొట్ల ముందు పందిళ్లు వేయించి కథలు పెట్టించేవారు. పాలకొండ, బొబ్బిలి, చీపురుపల్లి వైపు నుంచి కూడా బళ్లు కట్టుకొచ్చి నాన్నని తీసుకెళ్లేవారు. మైకుల్లేని రోజుల్లో పందిరి చివర ఎడ్లబళ్ల దగ్గర కూర్చున్నవాడికి కూడా పద్యం తేటగా వినిపించాలి కదా, అలా పాడాడు పాతికేళ్లకు దగ్గరగా. పందిట్లో పుస్తకంలాంటి భాష మాట్లాడేవాడు. ఇంటికొచ్చి గజ్జెలు విప్పాడో, అందరిలాగే "ఏటి కూర?" అని అడిగేవాడు.

గొంతులో పుండు చుట్టల వల్లే వచ్చిందన్నారు విశాఖపట్నం పెద్దాసుపత్రి డాక్టర్లు. గొంతు కోసి గొట్టం పెడతామన్నారు. నాన్న వద్దన్నాడు. సరే అని మెడకి కరెంటు వైద్యం చేసి పంపించారు. మెడ మీద చర్మం కాలిన గుడ్డలా నల్లబడింది. మాట గుసగుస అయిపోయింది. ఆ గుసగుస కూడా గదిలో ఫ్యాను తిరుగుతుంటే వినపడేది కాదు. అందుకని ఎంత ఉక్కగా ఉన్నా ఫ్యాను ఆపేసి విసనకర్రతో విసిరేవాళ్లం.

ఇంట్లో ఉన్నది ముగ్గురం. నాన్న, నేను, మా పెద్దమ్మ. పెద్దమ్మ నాన్న అన్నగారి భార్య. పెద్దనాన్న పెళ్లయిన రెండో ఏడో మూడో ఏడో రంగూన్ వెళ్లి, యుద్ధం రోజుల్లో అక్కడే పోయాడు. పిల్లల్లేరు. మా అమ్మ నన్ను కని పోతే అక్కనీ నన్నూ ఆవిడే పెంచింది. నేను టీచర్ ట్రైనింగు పూర్తి చేసి ఉద్యోగం కోసం చూస్తున్నాను. అక్కకి మంచి గొంతు. పెళ్లి కాకముందు నాన్న వెనకాల నిలబడి వంత పాడేది. నాది బొంగురు గొంతు. ఏడెనిమిదేళ్లప్పుడు నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, సరిగమలు పాడించి విని, "నీకు గొంతు నేదమ్మీ, తాళం నేర్చుకో," అన్నాడు. కోపంగా అనలేదు. జ్వరం ఉందని చెప్పినట్టు చెప్పాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు దాసుగారమ్మాయి కదా, ఒక పాట పాడమంటే నాన్నే ముందుగా "దానికి పాట రాదండి," అనేవాడు. నేను తల దించుకుని కూర్చునేదాన్ని. అప్పటి నుంచీ ఒంటరిగా ఉన్నప్పుడు కూడా కూనిరాగం తీసేదాన్ని కాదు.

బావ ఆ రోజే రికార్డు పెట్టాడు. సూది తగలగానే కాసేపు గరగర, తర్వాత గిటారు, ఆపైన గొంతు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది పాటగాడి గొంతు కాదు. ముక్కులోంచి వస్తోంది, పై స్వరానికి వెళ్లేచోట పగులుతోంది, కొన్నిచోట్ల పాడుతున్నాడో మాట్లాడుతున్నాడో తెలియడం లేదు.

"ఎవుడర్రా ఈడు, జలుబు సేసిందేటి?" అంది పెద్దమ్మ గడప దగ్గర బియ్యం చెరుగుతూ.

బావ గట్టిగా నవ్వాడు. నాన్న చెయ్యి ఊపి ఆపెయ్యమన్నాడు. బావ మొహం చిన్నబోయింది. సాయంత్రం బస్సుకి వెళ్తూ, "ఉండనీ మరదలా, నువ్వయినా ఇనుకో. మళ్లీ వచ్చినప్పుడు మన పాటలేయన్నా తెస్తాను," అని ప్లేయరు వదిలి వెళ్లాడు.

తర్వాత చాలా రోజులు అది మూల బల్ల మీద ఉంది. నాన్న శిష్యులు రావడం తగ్గింది. మొదట్లో పళ్లు పట్టుకుని వచ్చి మంచం దగ్గర కూర్చునేవారు. అవతలివాడు జవాబు చెప్పలేనప్పుడు ఎంతసేపని కూర్చుంటారు? పెద్ద శిష్యుడికి నాన్నే తన పట్టు పంచె ఇచ్చి, ఒప్పుకున్న కథలన్నీ అతన్నే చెప్పమన్నాడు. ఒకరోజు వీధి చివర కొట్టు ముందు అతని కథ జరుగుతుంటే గాలివాటుకి పద్యం మా ఇంటిదాకా వచ్చింది. నాన్న లేచి కూర్చుని, విని, నన్ను కిటికీ వెయ్యమని సైగ చేశాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నాన్న బల్ల వైపు చెయ్యి చూపించాడు. మంచినీళ్లనుకుని చెంబు అందించాను. కాదని తల తిప్పి, "ఆ జలుబోడు," అని గుసగుసగా అన్నాడు.

రికార్డు పెట్టాను. ఒక వైపంతా విన్నాడు. కళ్లు మూసుకుని, కుడిచేతి వేళ్లు తొడ మీద ఆడిస్తూ. అయిపోయాక మళ్లీ పెట్టమన్నాడు. ఆ వైపు చివర ఒక పొడుగుపాట ఉంది. చరణం తర్వాత చరణం, ఒకే వరస. నాలుగు చరణాలకోసారి మౌతార్గాన్ వచ్చేది. నాన్న నన్ను దగ్గరకు పిలిచాడు.

"గొంతు నేదు ఈడికి," అన్నాడు. "అయినా పాడతన్నాడు."

నేను మంచం దగ్గరికి పీట లాక్కుని కూర్చున్నాను.

"ఇది పాట కాదమ్మీ. కథ. సూడు, ఊపిరి అందనప్పుడల్లా ఆ పీక ఊదుతన్నాడు. మనకి హార్మణీ పెట్టె ఉన్నట్టు. ఏటి సెప్తన్నాడు?"

ఇంట్లో ఇంగ్లీషు చదువుకున్నది నేనొక్కదాన్నే. కానీ బళ్లో విన్న ఇంగ్లీషు వేరు, అతను పాడే ఇంగ్లీషు వేరు. రెండుసార్లు విన్నా నాకు దొరికినవి రోడ్డు, నది, రాత్రి, తల్లి, ఇలాంటి విడివిడి మాటలే. మధ్యలో ఒకచోట గీత పడి సూది ఎగిరేది, అక్కడ ఒక వాక్యం ఎప్పుడూ వినపడేది కాదు. తెలియలేదంటే నాన్న మొహం ఎలా అయిపోతుందో అనిపించింది. అందుకని కల్పించాను. ఒకడు పని వెతుక్కుంటూ ఇల్లు వదిలి వెళ్లాడు నాన్నా, నది దాటాడు, పట్నంలో పనిచేశాడు, తల్లికి డబ్బు కూడబెట్టుకుని సంతోషంగా ఇంటికొస్తున్నాడు అని చెప్పాను.

నాన్న మళ్లీ రికార్డు పెట్టించి, పూర్తయ్యాక తల అడ్డంగా ఊపాడు.

"సంతోషంగా కాదు. నడక సూడు. అలిసిపోనాడు. ఒక్కడు కాదు, ఇద్దరున్నారు. ఒకడు మధ్యలో పోనాడు."

"నీకెలా తెలుసు?"

నాన్న తలుపు వైపు చూశాడు. పెద్దమ్మ ఎక్కడుందని అడిగాడు. పెరట్లో పిడకలు కొడుతోందని చెప్పాను. తలుపు దగ్గరగా వెయ్యమన్నాడు. నేను మంచం పట్టెమీద కూర్చుని చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను. మధ్యమధ్య ఆగుతూ, నీళ్లు చప్పరిస్తూ, నాన్న నాకు చెప్పిన కథ ఇది. పందిళ్లలో అన్ని కథలు చెప్పినవాడు దీన్ని ఎవరికీ చెప్పలేదు.

హరికథ నేర్చుకోక ముందు పెద్దనాన్న వెనకాలే నాన్న కూడా రంగూన్ వెళ్లాడు. ఈ సంగతి మాకు తెలుసు. ఇద్దరూ బియ్యం మిల్లులో బస్తాలు మోసేవారు. బాంబులు పడ్డాక ఓడల్లో చోటు దొరకలేదు. మనవైపు కూలీలు గుంపులు గుంపులుగా కట్టుబట్టలతో నడక మొదలుపెట్టారు. అరకాన్ కొండల దారి. మంచి ఎండాకాలం. దారి పొడవునా వాంతులు, విరోచనాలు, పడిపోయినవాళ్లు. పెద్దనాన్నకి జ్వరం తగిలింది. నాన్న మూపు మీద వేసుకుని మోశాడు. గుంపు ముందుకు వెళ్లిపోయింది. ఒక రాతిచాటున దింపాడు. ఇద్దరి దగ్గరా చుక్క నీళ్లు లేవు.

"ఒరే తమ్ముడూ, మిల్లులో పాడతావే, ఆ పాట పాడరా అన్నాడు," అని చెప్పాడు నాన్న. "నోరు తెరిసేను. నాలిక అంగిట్లో అంటుకుపోనాది. గాలి తప్ప ఏటీ రానేదు. ఆడు నా నోరే సూస్తన్నాడు. అలా సూస్తూనే పోనాడు."

కట్టెలు లేవు, నిప్పు లేదు. ఆకులు కప్పి, రాళ్లు పెట్టి నడిచాడు. కొంత దూరం వెళ్లేసరికి ఆ ఏటి మొదటి వాన పడింది. దోసిలి పట్టి తాగుతూ వెనక్కి తిరిగి చూశాడట.

ఏ రోజో, ఏ తిథో నాన్నకు తెలియదు. ఇంటికొచ్చి, అన్న రంగూన్ ఆసుపత్రిలో మంచం మీద పోయాడనీ, తెలుగువాళ్లందరూ కలిసి పద్ధతిగా దహనం చేశారనీ వదినకి చెప్పాడు. ఏ రోజున అని ఆవిడ అడిగింది.

"వైశాఖ ఏకాదశి అన్నాను. మంచి తిథి గదా అని."

అప్పటి నుంచి ఏటా ఆ ఏకాదశికి నాన్న అన్నగారి తద్దినం పెట్టేవాడు. పెద్దమ్మ ముందురోజు నుంచే మడిగా వంటకి సిద్ధం చేసేది. మా చిన్నప్పుడు ఆ రోజు గారెల కోసం ఎదురుచూసేవాళ్లం.

"వదినకి సెప్పకు," అన్నాడు నాన్న. తర్వాత ఇంకా మెల్లగా, "కథ కడదాం," అన్నాడు.

అలా మొదలైంది. రోజూ మధ్యాహ్నం పెద్దమ్మ కునుకు తీసేవేళ రికార్డు పెట్టేవాళ్లం. ఆ పొడుగుపాట వరసలోనే నాన్న తెలుగు మాటలు కూర్చేవాడు. నడకకి అదే సరైన వరసని ఆయన నమ్మకం. కొన్నిచోట్ల మార్చేవాడు. మార్చింది నాకు చెప్పడం ఎలా? గొంతులో శ్రుతి పలకదు. అందుకని స్వరాల పేర్లు గుసగుసగా చెప్పేవాడు. స, రి, మ, మ, రి. వాటిని నేను పాడి వినిపించాలి.

మొదటిరోజు నా వల్ల కాలేదు. నోరు తెరిచి, పెళ్లిచూపుల రోజులు గుర్తొచ్చి మూసేశాను. "నాకు గొంతు లేదు కదా నాన్నా," అన్నాను. దెప్పాలని అనలేదు, ఉన్నమాటే అన్నాను. నాన్న నా వైపు చూడకుండా ప్లేయరు వైపు చూశాడు.

"మరి నాకున్నాదేటి? పాడు," అన్నాడు.

పాడాను. నా బొంగురు గొంతు నాకే కొత్తగా ఉంది. తప్పు పాడితే వేలు ఎత్తేవాడు, ఒప్పు పాడితే ఏమీ చేసేవాడు కాదు. మెచ్చుకోలు లేదు. చిన్నప్పుడు అన్న మాట వెనక్కి తీసుకోనూ లేదు. కానీ ఒక మధ్యాహ్నం, మూపు మీద అన్నను మోస్తున్న చరణం నేను పాడుతుంటే నాన్న తాళం ఆపేశాడు. వేలు కూడా ఎత్తలేదు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. పాట బాగాలేకో, తట్టుకోలేకో నాకు ఇప్పటికీ తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

బ్యాటరీలు నీరసించేకొద్దీ ఆ తెల్ల కుర్రాడి గొంతు సాగిపోయి, మత్తుమందు ఇచ్చినట్టు అయ్యేది. బజారులో కొత్తవి తెచ్చి వేసేదాన్ని. నాన్న మాత్రం రోజురోజుకీ కుంగిపోయాడు. జావ కూడా సరిగ్గా దిగేది కాదు. చివరకి స్వరాల పేర్లు కూడా పలకలేక, నా అరచేతిలో వేలితో తట్టేవాడు. ఏ తట్టు ఏ స్వరమో నేను ఊహించుకోవాలి. కథలో పెద్దనాన్న నీళ్లడిగి, పాటడిగి, కన్నుమూసేదాకా వచ్చాం. ఆ తర్వాత వాన దగ్గర ఆగిపోయింది. శ్రావణమాసంలో ఒక ఉదయం పెద్దమ్మ కాఫీ పట్టుకెళ్లి, "లెగు మరిదీ," అని పిలిచి, గ్లాసు అక్కడే కింద పెట్టేసి నన్ను కేకేసింది.

కర్మకి శిష్యులందరూ వచ్చారు. మైకు పెట్టి పాడారు. ఊళ్లో పెద్దలు నాన్న గొంతు గురించి గంటసేపు మాట్లాడారు. బావ వెళ్లేటప్పుడు ప్లేయరు తీసుకెళ్లాడు, అక్కకి కాలక్షేపంగా ఉంటుందని నేనే ఇచ్చాను. రికార్డు మాత్రం ఉంచుకున్నాను. ప్లేయరు లేనిదే రికార్డు దేనికని బావ అడగలేదు.

రెండు మూడు నెలలు గడిచాయి. కొండల్లో గిరిజనుల తిరుగుబాటు మొదలై, వీధిలో సాయంత్రాలు పోలీసు వ్యాన్లు తిరుగుతున్న రోజులవి. పొద్దు వాలితే జనం ఇళ్లలోనే ఉండేవారు. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ వచ్చి నాన్న మంచం మీద కూర్చుంది. ఆయన పోయాక ఆ మంచం మీద ఎవరూ కూర్చోలేదు.

"ఆ జలుబోడి పాట ఎయ్యి అమ్మీ," అంది.

"ప్లేయరు బావ తీసుకెళ్లాడు కదా పెద్దమ్మా."

"అయితే నువ్వు పాడు."

 నేను పాడతానని తెలుసా అన్నాను.

"గోడకి అవతల పడుకుంటే నిద్దరోతాననుకున్నారేటి తండ్రీకూతుళ్లు? రాగం ఇనబడ్డాది. మాటలే సరిగ్గా అందనేదు. పాడు."

నాన్న వద్దన్నాడు కదా. అందుకని మాటలు మార్చి పాడాను. నది, పడవ, ఇంటికి తిరిగొస్తున్న మనిషి అంటూ రికార్డు గురించి నాన్నకు మొదట చెప్పిన కట్టుకథే. పెద్దమ్మ రెండు చరణాలు విని చెయ్యి ఎత్తింది.

"అది కాదు. మీ పెదనాన్నది పాడు. నాకు తెల్సు."

మేం బళ్లో చదువుకునే రోజుల్లోనే, నాన్న కథ జరుగుతున్న ఒక పందిట్లో సోంపేటవైపు మనిషి ఒకడు పెద్దమ్మని గుర్తుపట్టి పలకరించాడట. తనూ అదే గుంపులో నడిచి వచ్చానన్నాడు. మీ ఆయన తమ్ముడి మూపు మీద ఉండగా చూశాను, తర్వాత తమ్ముడొక్కడే వచ్చి మమ్మల్ని కలుసుకున్నాడు అని చెప్పాడు.

"మరి నాన్నని ఎందుకు అడగలేదు?" అన్నాను.

"అడిగితే ఇంకో కథ కట్టి సెప్తాడు. ఆడి పనే అది గదా," అంది పెద్దమ్మ. మళ్లీ తనే, "ఆడే సెప్తాడని సూసేను. ఏటా ఏకాదశికి పీటలేస్తూ, ఈ ఏడు సెప్తాడు, ఈ ఏడు సెప్తాడు అనుకునేదాన్ని," అంది.

నేను పాడాను. నాన్న కట్టినదంతా, ఎక్కడా వదలకుండా. నా గొంతు పగిలినచోట ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అందుకున్నాను. పెద్దమ్మ నేల చూస్తూ విన్నది. నీళ్లు లేని చరణం దగ్గర తల ఎత్తింది.

"నీళ్లు నేవా?"

నేను పాట ఆపాను.

"దాహంతో పోనాడా? ఆ సోంపేటాయన ఈ మాట సెప్పనేదే."

 అవునన్నాను. తర్వాత కొంచెంసేపటికే వాన పడిందని కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, మంచం పట్టె పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాన్న పోయినప్పుడు కూడా ఆవిడ కన్నీళ్లు పెట్టలేదు.

తర్వాతి ఏడు వైశాఖ ఏకాదశి వచ్చింది. పీట మీద కూర్చుని తద్దినం పెట్టడానికి నాన్న లేడు. పెద్దమ్మ ఆ రోజు వంటే చెయ్యలేదు. ఇద్దరం అటుకులు తిన్నాం. కొద్ది వారాలకి తొలకరి పడిన రోజు ఆవిడ చూరు కింద ఇత్తడి చెంబు పెట్టింది. నిండాక పెరట్లోకి తీసుకెళ్లి, తడుస్తూ తూర్పుముఖంగా నిలబడి, కొద్దికొద్దిగా నేల మీద పోసింది. మా వైపు నుంచి చూస్తే సముద్రం అటే, రంగూనూ అటే. ఏ పంతులూ చెప్పని తద్దినం అది. తర్వాత బతికినన్నాళ్లూ అలాగే చేసింది.

నాకు ఎచ్చెర్లకి దగ్గర్లో ఒక పల్లెబడిలో ఉద్యోగం వచ్చింది. రాజాం ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేసి, పెద్దమ్మని తీసుకుని అక్కడికి మారాను. బళ్లో ప్రార్థన నేనే పాడించేదాన్ని. పిల్లలు నా బొంగురు గొంతును అనుకరించి నవ్వేవారు. నాకేమీ అనిపించేది కాదు. ఇంటికొచ్చాక వాన దగ్గర ఆగిపోయిన ఆ కథను పూర్తి చేద్దామని చాలాసార్లు కూర్చున్నాను. మాటలు వచ్చేవి. వరస మాత్రం నాన్న తట్టిన చివరి తట్టు దగ్గరే ఆగిపోయేది. అదేం స్వరమో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఒకసారి పెద్దమ్మనే అడిగాను, ఎలా ముగిస్తే బాగుంటుందని.

వత్తులు చేసుకుంటూ ఆవిడ, "ముగించకు," అంది. "ఆ వానలో మీ నాన్న ఇంకా నడుస్తన్నాడు. నడవనీ."